ఎత్తు వెనక మాట

చదరంగంలో గెలిచినవాడి పేరు లోకం గుర్తుపెట్టుకుంటుంది. ఆ గెలుపు ఎలా వచ్చిందో పక్కన కూర్చుని విడమరిచి చెప్పినవాడి పేరు అంత తొందరగా గుర్తురాదు. 2025 అక్టోబరు 19న అమెరికాలో అలాంటి మాస్టారొకాయన కన్నుమూశాడు. పేరు డేనియల్ నరోడిట్‌స్కీ. మాస్టారంటే తల నెరిసిన పెద్దాయన కాదు, ఇంకా 30 నిండని కుర్రాడు. ఆయన గురించి రాద్దామని కాగితాలు ముందేసుకున్నాను గానీ, ఏ వాక్యం మొదలుపెట్టినా మనసు వెనక్కే పోతోంది. ఆడటం ఒకటి, ఆడుతూ చెప్పడం ఇంకొకటి. ఈ రెండోది మనవాళ్లకి ఎప్పుడు అబ్బింది? ఆ సంగతి కాస్త తేలితే గానీ, ఈ కుర్రాడు పోయినందుకు ముఖం కూడా ఎదురుగా చూడనివాళ్లకి ఎందుకంత బెంగ పట్టుకుందో అర్థం కాదనిపించింది. అందుకని ముందు ఓ ఐదు వందల ఏళ్లు వెనక్కి వెళ్లొద్దాం. దారి మరీ విసుగ్గా వుండదులెండి.

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన కాలంలో బొడ్డుచర్ల తిమ్మన అనే కవి వుండేవాడు. కవిత్వం మాట ఎలా వున్నా, చదరంగంలో ఆయనకి ఎదురులేదట. రాయలవారితో పందెం వేసి మరీ గెలిచేవాడని ఒక చాటుపద్యం చెబుతుంది. పెద్దవాళ్ల నోట మీరూ వినేవుంటారు. కొప్పోలు అగ్రహారం ఆయనకి ఈ ఆట మీదే వచ్చిందని కూడా చెప్పుకుంటారు. రాజుగారితో ఆడి రాజుగారినే ఓడించడం ఎంత గుండెధైర్యం! ఈ రోజుల్లో ఆఫీసరు గారితో క్యారమ్స్ ఆడినా మనవాళ్లు ఒక కాయ వదిలేస్తారు.

అయితే నాకు ఎప్పుడూ ఒకటే దిగులు. అంత ఆటగాడు వేసిన ఎత్తు ఒక్కటంటే ఒక్కటి మనకి మిగల్లేదు. గెలిచాడని తెలుసు, ఎలా గెలిచాడో తెలియదు. ఆయన మొదట ఏ బంటు తోసేవాడు? ఇరుకులో పడితే ఏనుగుని వదులుకునేవాడా, గుర్రాన్నా? పద్యం కట్టినవాళ్లకి గెలుపు కావాలి గానీ ఈ గొడవ ఎందుకు? మా అమ్మమ్మ మాగాయ కూడా ఇలాగే అయింది. ఉప్పెంత, కారమెంత అంటే "చేతికొచ్చినంత" అనేది. చేతికొచ్చినంత ఆమె చేతితోనే పోయింది. ఇప్పుడు ఇంట్లో అందరం ఆ మాగాయని పొగుడుతాం, ఒక్కళ్లకీ పట్టడం రాదు.

చెప్పే విద్య మనకి లేదని కాదు. అది కావ్యాల దగ్గర కావలసినంత వుంది. మన మెదక్ జిల్లా కొల్చారం వాడే మల్లినాథసూరి. కాళిదాసుకీ, భారవికీ, మాఘుడికీ, శ్రీహర్షుడికీ వ్యాఖ్యలు రాసి పెట్టాడు. మూలంలో లేనిది చేర్చకూడదు, అవసరం లేనిది మాట్లాడకూడదు అని నియమం కూడా పెట్టుకున్నాడు. అది ఎంత కష్టమైన నియమమో, ఇలా పత్రికలకి వ్యాసాలు రాసేవాళ్లని అడగండి. కాలేజీలో సంస్కృతం తీసుకున్న పిల్లలకి పరీక్ష ముందు రాత్రి కాళిదాసు కన్న మల్లినాథుడే దగ్గరి చుట్టం. కాళిదాసు అందంగా చెప్పేసి ఊరుకుంటాడు. పక్కన కూర్చుని "ఇదిగో, ఈ మాట ఇక్కడ ఎందుకు వేశాడో చూడు" అనేవాడు కావాలిగా. వ్యాఖ్యాత అంటే ఆ పక్కన కూర్చునే మనిషి.

చదరంగం దగ్గర అలా పక్కన కూర్చునేవాడు మన దేశంలో అచ్చుపుస్తకంగా కనబడటానికి పంతొమ్మిదో శతాబ్దం రావలసి వచ్చింది. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి అనే దక్షిణాది పండితుడు ఒక పుస్తకం అచ్చువేశాడు. సంస్కృతంలో వున్న చదరంగ సమస్యల్ని ఇంగ్లీషులోకి తెచ్చి, యూరపు పద్ధతి ఆటకి సరిపడేలా దిద్దాడు. దిద్దడం ఎందుకంటే, మన దేశవాళీ ఆటకీ వాళ్ల ఆటకీ తేడాలున్నాయి. మన ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడిచేది. వాళ్లది మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకుతుంది. ఒక పద్ధతిలో పుట్టి పెరిగి, ఇంకో పద్ధతి వాళ్లకి వాళ్ల భాషలోనే పాఠం చెప్పడం! అత్తవారింటి వంట నేర్చుకుని అత్తగారికే వడ్డించినట్టు.

ఆ తరవాత 14 ఏళ్లకి, 1828లో, మన హైదరాబాదు ఊరు ఈ కథలోకి వస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

మద్రాసుకీ హైదరాబాదుకీ చదరంగం పోటీ. ఎవరూ ఎక్కడికీ కదల్లేదు. ఉత్తరాల మీద ఆడారు. అప్పటికి మన దేశంలో రైలు లేదు, తంతి లేదు. రెండు ఊళ్ల మధ్య సుమారు నాలుగు వందల మైళ్లు. మద్రాసులో ఒక బంటు కదిలిందంటే, ఆ కబురు టపా బంట్రోతుల చేతులు మారుతూ, పెన్నా దాటి కృష్ణా దాటి ఇక్కడికి రావాలి. ఇక్కడివాళ్లు తలలు పట్టుకుని, తర్జనభర్జన పడి, జవాబు ఎత్తు రాసి పంపితే అది మళ్లీ అన్ని నదులూ దాటి వెళ్లాలి. వానాకాలం వస్తే ఏరు తీసేదాకా రాజుగారు ఆ గడిలోనే నిలబడాలి కాబోలు. సరిగ్గా ఆ కాలంలోనే లండన్‌కీ ఎడిన్‌బరోకీ కూడా ఇలాంటి ఉత్తరాల పోటీ జరిగింది. 1824లో మొదలై 1828 దాకా సాగింది. ఎడిన్‌బరో వాళ్లు గెలిచారు. వాళ్లు వాడిన ఆరంభానికి స్కాచ్ ఆట అని పేరు స్థిరపడిపోయింది. ప్రపంచంలో చదరంగం చరిత్ర రాసినవాళ్లు ఆ పోటీని విస్తారంగా రాస్తారు. మన పోటీకి ఒకటి రెండు వాక్యాలు కేటాయిస్తారు. పోనివ్వండి, అలవాటే.

మద్రాసు వైపు ఆటని నడిపినవాడు గులాం కాసిం. 1829లో మద్రాసులో ఒక పుస్తకం వచ్చింది. అందులో ఈ రెండు ఊళ్ల మధ్య జరిగిన రెండు ఆటలూ వున్నాయి. వాటి మీద గులాం కాసిం, మద్రాసు సివిల్ సర్వీసులో వుండిన జేమ్స్ కోక్రేన్ కలిసి చేసిన వ్యాఖ్య వుంది. గుర్రాన్ని చేజేతులా వదులుకుని దాడికి దిగే ఒక ఆరంభం మీద వాళ్ల పరిశోధన కూడా వుంది. మద్రాసు ఆటలకి ముఖ్య సారథి గులాం కాసిమేనని పుస్తకం పేరులోనే వేశారు. దొర పేరు పక్కన మన మనిషి పేరు, అదీ ముందు రావడం, ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఆయన వేసిన ఎత్తు ఒకటి ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. ఆట బొత్తిగా తెలియనివాళ్లు ఈ పేరా దాటేయండి, నేనేమీ అనుకోను. తెల్లవాళ్ల గుర్రం ఒకటి ముందుకి వచ్చి నిలబడింది. నల్లవాళ్ల బంటు దూసుకొచ్చి దాని గొంతు మీద కూర్చుంది. ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? ముందు గుర్రాన్ని తప్పిస్తుంది. గులాం కాసిం దాన్ని తప్పించలేదు. తీరిగ్గా మంత్రి ముందున్న బంటుని రెండు గళ్లు తోశాడు. తింటే తిను, ఈలోగా నా ఇల్లు నేను సర్దుకుంటాను అన్నట్టు. గుర్రం పోతుంది. కానీ తెల్లవాళ్ల బలగమంతా ఒక్కసారిగా దారి దొరికి బయటికి వస్తుంది. 1829 తరవాత ఆరంభాల గురించి రాసిన ఇంగ్లీషు గ్రంథాల్లోకి గులాం కాసిం గాంబిట్ అని అది ఎక్కేసింది.

తిమ్మన ఎత్తులు పోయి, గులాం కాసిం ఎత్తు ఎందుకు మిగిలిందంటారు? తిమ్మన తక్కువవాడు కాదు. ఈయన తను ఎందుకు అలా ఆడాడో కూర్చుని రాశాడు. అంతే తేడా. అవతలివాడు ఈ జవాబు వేస్తే ఏమవుతుంది, ఆ జవాబు వేస్తే ఏమవుతుంది అని, తన పెట్టె తాళం తీసి అందరి ముందూ పెట్టాడు. పోటీ ఆటగాడు సాధారణంగా చెయ్యని పని అది. రహస్యం చెప్పేస్తే రేపు తనమీదే ప్రయోగిస్తారు గదా.

ఇక మా పేట సంగతి కొంచెం. తార్నాక పేరు ఎలా వచ్చిందని అడిగితే, తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ, ముళ్లతీగ కట్టి కాపలా పెట్టిన చోటు అని పాతవాళ్లు చెబుతారు. ఆ తీగ దాటితే విశ్వవిద్యాలయం. ఏడవ నిజాం 1917లో ఫర్మానా ఇచ్చి 1918లో స్థాపించిన ఉస్మానియా. అందులో తెలిసినవాళ్లు తక్కువమంది చెప్పుకునే విశేషం ఒకటుంది. కాలేజీ తలుపులు తెరవడానికి ముందే అనువాద శాఖ పెట్టారు. దారుల్ తర్జుమా అనేవారు దాన్ని. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, చరిత్ర, అన్నీ ఉర్దూలో చెప్పాలంటే పుస్తకాలు వుండాలి, పుస్తకాలు వుండాలంటే మాటలు వుండాలి. పండితులు కూర్చుని ఒక్కొక్క సాంకేతిక పదానికి మాట పుట్టించారు. ఉర్దూ అందరి భాషా కాదు, తెలుగు పిల్లలకి ఆ కష్టం వేరు, ఒప్పుకుంటాను. 1948 తరవాత ఆ బోధనాభాష మారిపోయింది కూడా. కానీ 1939లో తెరిచిన ఆ ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల మీద కూర్చున్నప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది. విద్య అంటే ముందు మాట వెతుక్కోవడం. తెలిసిన విషయాన్ని తెలియనివాడి చెవికి ఎక్కేలా పలకడానికి ఇన్ని తంటాలు పడ్డ చోటు ఇది. దగ్గరలోనే ఇంగ్లీషు చెప్పే మాస్టర్లకి పాఠాలు చెప్పే సంస్థ 1958లో వచ్చింది, 2007లో అదీ విశ్వవిద్యాలయమైంది. చెప్పడం ఎలాగో నేర్పే పేట మాది.

మళ్లీ ఆటలోకి వస్తాను. స్వతంత్రం వచ్చాక మొట్టమొదటి జాతీయ చదరంగం పోటీ ఎక్కడ జరిగిందో తెలుసా? ఢిల్లీ కాదు, బొంబాయి కాదు. మన ఏలూరులో, 1955లో. రామచంద్ర సప్రే, మన ఆంధ్రుడు డి. వెంకయ్య సమానంగా నిలిచి ఇద్దరూ విజేతలయ్యారు. తరవాతి కథ మీకు పేపర్ల ద్వారా తెలిసిందే. గుంటూరు హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2002లో కోనేరు హంపి, 15 ఏళ్లు దాటిన రెండు నెలల్లోపే. ఆడపిల్లల్లో అంత చిన్న వయసులో ఆ బిరుదు అప్పటికి ఎవరికీ రాలేదు. ఆ అమ్మాయి వెనక తండ్రి అశోక్ వున్నాడు. ఉద్యోగం మానుకుని కూతురికి ఆట నేర్పాడు. ఛాంపియన్ అన్న మాటలోంచే పేరు తీసి పెట్టాడట. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో ద్రోణవల్లి హారిక తొమ్మిదో నెల కడుపుతో బల్ల ముందు కూర్చుని ఆడింది. పతకం తెచ్చింది. 2024లో బుడాపెస్ట్‌లో మన ఆడపిల్లల జట్టూ, మగపిల్లల జట్టూ రెండూ బంగారం గెలిచాయి. ఆ మగపిల్లల్లో మన ఓరుగల్లు అర్జున్ వున్నాడు, ఈ అమ్మాయిల్లో హారిక వుంది. ఇంతమంది పేర్లు చెప్పాను గదా, వీళ్లకి నేర్పినవాళ్లలో హంపి తండ్రి తప్ప ఇంకొక్కరి పేరు మీకు చప్పున నోటికొస్తుందా? నాకూ రాదు.

నేర్పేవాడి పేరు పిల్లల నోట నానడం నేను కళ్లారా చూసింది 2025 దీపావళి మర్నాడు. అక్టోబరు 20న పండగ. 21 పొద్దున వీధంతా టపాకాయల కాగితం ముక్కలు. మా పక్క వాటా ఆవిడ వచ్చింది. నల్గొండ వైపు మనిషి, గుండెలో వున్నది గడపలోనే చెప్పేస్తుంది.

"వీడు పొద్దుగాల్నుంచి ఏం తింటలేడక్కా. ఎవరో అమెరికా సారు చచ్చిపోయిండంట. మనకేమైతడు ఆయన?"

ఇంటర్ చదివే కుర్రాడు. గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నేను ఏమీ అడక్కముందే, "ఆయన నాకు చెప్తుండె ఆంటీ" అన్నాడు.

ఆయన చాలామందికి చెబుతుండేవాడు. లక్షల మందికి. అందులో ఒక్కొక్కడూ నాకే చెబుతున్నాడనుకునేవాడు. పిల్లవాడు పెట్టిన ఆ పాఠం నేనూ, వాళ్లమ్మా నిలబడి విన్నాం. విన్నాక ఆయన ఎవరో తెలుసుకున్నాను.

నరోడిట్‌స్కీ 1995 నవంబరు 9న కాలిఫోర్నియాలో పుట్టాడు. తల్లిదండ్రులు సోవియట్ దేశం వదిలి వలస వచ్చినవాళ్లు. ఆరో ఏట అన్న చదరంగం నేర్పాడు. 2007లో 12 ఏళ్లలోపు పిల్లల ప్రపంచ పోటీలో గెలిచాడు. 2013లో గ్రాండ్‌మాస్టర్. ఇవన్నీ చాలామందికి జరిగేవే. జరగనిది ఇది: 14 ఏళ్లప్పుడే, 2010లో, చదరంగం మీద పుస్తకం రాశాడు. ఆ వయసులో మన పిల్లలకి తమ గది సర్దుకోవడమే గగనం. ఆడటం మొదలుపెట్టిన కొన్నేళ్లకే చెప్పాలన్న తహతహ పట్టుకుందన్న మాట. 2012లో రెండో పుస్తకం కూడా వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి ఏం చదివాడనుకున్నారు? లెక్కలా, కంప్యూటర్లా? చరిత్ర! 2019లో పట్టా పుచ్చుకున్నాడు. ఆర్ట్స్ చదివినవాళ్లని ఇంట్లోవాళ్లు ఎలా చూస్తారో తెలిసినదాన్ని గనక, ఆ ఒక్క సంగతితోనే ఆయన మీద నాకు అభిమానం కలిగింది. తరవాత షార్లెట్ అనే ఊళ్లో చదరంగం కేంద్రంలో పాఠాలు చెప్పాడు. పెద్ద పోటీలు జరుగుతుంటే వ్యాఖ్యాతగా కూర్చునేవాడు. 2022 నుంచి న్యూయార్క్ టైమ్స్ పత్రికకి చదరంగం సమస్యలు తయారుచేసేవాడు. తోచినప్పుడు ఇతరుల గొంతులు అనుకరించి నవ్వించేవాడు కూడా.

పిల్లలు ప్రాణం పెట్టేది వీటికి కాదు. ఆయన ఇంటర్నెట్టులో ఒక వరస పాఠాలు పెట్టాడు. చదరంగం ఆడేవాళ్లకి బలాన్నిబట్టి అంకె వుంటుంది, రేటింగు అంటారు. గ్రాండ్‌మాస్టర్ అయినవాడు అందరికన్న కిందిమెట్టు మీద కొత్త ఖాతా తెరిచి, అప్పుడే కాయలు పట్టుకున్నవాళ్లతో ఆడటం మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతాడు. ఆడినంతసేపూ మాట్లాడుతూనే వుంటాడు. తనకి ఏ ఎత్తు వేయాలనిపిస్తోందో చెబుతాడు. వెంటనే ఎందుకు వేయడంలేదో చెబుతాడు. అవతలి మనిషి మనసులో ఏముందో వూహిస్తాడు. గెలిచాక లేచిపోడు. ఆటని మళ్లీ మొదటికి తిప్పి, ఓడినవాడికి దారి ఎక్కడ తప్పిందో, ఎక్కడ తిప్పుకోవచ్చో చూపిస్తాడు. ఓడినవాణ్ణి వెక్కిరించడం వుండదు. నేను విన్న ఆ పాఠంలో అవతలి మనిషి మంత్రినే పారేసుకున్నాడు. ఈయన గొంతులో మాత్రం చిన్నపిల్లవాడు కిందపడితే మనం "అయ్యో, లేవమ్మా" అనే ధోరణి. చాలామంది గొప్పవాళ్లకి తాము మొదట్లో ఎలా తడబడ్డారో గుర్తుండదు. ఈయనకి గుర్తుంది. అదీ చెప్పేవాడికి వుండవలసిన పెట్టుబడి.

పక్కావిడ కాసేపు విని, "ఇంగ్లీషే గాని నాకు కూడా సమజైతుందక్కా" అంది. ఇంగ్లీషు మాస్టర్లని తయారుచేసే పేటలో వుంటున్నాం, ఇంతకన్న ప్రశంస ఏం కావాలి?

ఇప్పుడు చెప్పబోయే సంగతి చేదుగా వుంటుంది. ఫోనుల మీదా కంప్యూటర్ల మీదా ఆడే చదరంగానికి ఒక జబ్బు పట్టుకుంది. యంత్రం ఎంతటి మనిషినైనా ఓడిస్తుంది గనక, ఎవరైనా పక్కన యంత్రాన్ని పెట్టుకుని ఆడవచ్చు. ఆడుతున్నారు కూడా. దాంతో బాగా ఆడిన ప్రతివాడి మీదా అనుమానం. 2000 నుంచి 2007 దాకా ప్రపంచ విజేతగా వుండిన వ్లదిమీర్ క్రామ్నిక్ 2024లో నరోడిట్‌స్కీ ఆటల మీద బహిరంగంగా సందేహాలు లేవదీశాడు. ఈయన గట్టిగా కాదన్నాడు. అయినా ఏడాదిపాటు ఆ మాటలు ఆగలేదు. ఈలోగా 2025 ఆగస్టులో అమెరికా జాతీయ బ్లిట్జ్ పోటీలో, ఎదురుగా బల్ల వేసుకుని మనుషులతో ముఖాముఖీ ఆడి, 14కి 14 గెలిచాడు. అక్టోబరులో తన చివరి ప్రసారంలో, ఈ గొడవ మొదలైనప్పటినుంచీ తను బాగా ఆడితే చాలు జనం చెడ్డగా అనుకుంటున్నారన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. రెండు రోజుల్లో ఇంట్లో చనిపోయి కనబడ్డాడు.

ఆ మరణానికీ ఈ అనుమానానికీ ముడివెయ్యడం నా పని కాదు. అంతదూరం నుంచి ఎవరికి ఏం తెలుస్తుంది? కానీ ఒక్కటి మాత్రం మింగుడు పడదు. ప్రతి ఎత్తు వెనక తన ఆలోచన మొత్తం పైకి చెప్పి ఆడిన మనిషి ఆయన. తడబడితే తడబాటు వినబడుతుంది, పొరపాటు చేస్తే పొరపాటు వినబడుతుంది. దాచడానికి లోపల ఏం మిగిలిందని? గులాం కాసిం తన పెట్టె తాళం ఒక్కసారి తీసి చూపించాడు, ఈయన రోజూ తీసిపెట్టే వుంచాడు. అలాంటివాణ్ణి పట్టుకుని రుజువు చూపించమన్నారు. అనుమానం సంగతి ఆడవాళ్లకి ఒకరు చెప్పాలా? నిప్పులో దూకి బయటపడ్డా, మళ్లీ ఎవడో ఒకడు ఏదో ఒక మాట అంటాడు. ఆ మాటకి జవాబు చెప్పి గెలిచినవాళ్లు మన పురాణాల్లో కూడా లేరు. లేదు అని ఎన్నిసార్లు చెబితే లేనట్టు? దొంగతనం చేశావని అనడానికి ఒక్క నోరు చాలు, చెయ్యలేదని నిరూపించడానికి జన్మ చాలదు. 2025 నవంబరులో ప్రపంచ చదరంగ సమాఖ్య క్రామ్నిక్ బహిరంగ వ్యాఖ్యల మీద తన క్రమశిక్షణ సంఘానికి ఫిర్యాదు పంపింది. ఆ ఫిర్యాదు వినడానికి ఈ కుర్రాడు లేడు.

యూనివర్సిటీలో సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు చెట్ల కింద హాస్టలు పిల్లలు ఫోనుల మీద వంగి ఆడుకుంటూ కనబడతారు. మూడేసి నిమిషాల ఆటలు. అటూ ఇటూ వేళ్లు టకటకలాడతాయి తప్ప మాట వుండదు. ఎత్తుకి ఎత్తు నాలుగు వందల మైళ్లు నడిచి వచ్చిన ఊరు ఇదేనా అనిపిస్తుంది. ఒకసారి ఆగి, "ఇప్పుడు ఆ గుర్రాన్ని ఎందుకు కదిపావు బాబూ?" అని అడిగాను. ఆ అబ్బాయి తల ఎత్తి, "ఊరికే మేడమ్" అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "ఊరికే ఎట్లా అయితది? చెప్పు" అని పట్టుబట్టింది. పాపం ఆ మూడు నిమిషాల్లో ఒక నిమిషం వివరణకే పోయింది, అతను ఆట పోగొట్టుకున్నాడు. వివరణ మాత్రం బాగుంది. అమ్మాయి కూడా బాగుందనే ఒప్పుకుంది.

మా పక్క వాటా కుర్రాడు నాలుగు రోజులకి మామూలు మనిషయ్యాడు. పరీక్షలు తరుముకొస్తే ఏ దుఃఖమైనా పక్కకి తప్పుకోవలసిందే. ఆశ్చర్యం ఏమిటంటే, పాఠాలు వదలనిది వాళ్లమ్మ. కొడుకు కాలేజీకి వెళ్లాక వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టుకుని మొదటి మెట్టు నుంచి వరసగా చూస్తోంది. గుర్రం నడక వచ్చేసింది. కోట కట్టడం వచ్చేసింది. శకటు మాత్రం ఎప్పుడూ అడ్డంగా నడుస్తుందేమిటని విసుక్కుంటుంది. మొన్న పచ్చిమిరపకాయలకని వెళితే, ఆయన ఏదో గడ్డు చిక్కులో పడి ఆలోచన పైకి చెబుతున్నాడు, ఈవిడ గరిటె పట్టుకుని వింటోంది. అంతలో కుక్కర్ మూడో కూత వేసింది. "ఆగు సారూ, పప్పు దించి వస్తా" అని వేలితో ఆపింది.